కాళ్ళు వేలాడేస్తేనే రాసే పెన్ను

ఇప్పుడు పెన్ను కావాలంటే ఎక్కడైనా దొరుకుతది. పాల ప్యాకెట్ల పక్కన దొరుకుతది, మందుల దుకాణంల దొరుకుతది. మొన్న మా ఇంట్ల ఒకరు పెట్రోలు బంకుల కొనుక్కొచ్చిన్రు. సిరా అయిపోతే పారేస్తరట. వాడి పారేసేదాన్ని పెన్ను అంటరా, విస్తరాకు అంటరా? ఈ మాట నేనంటే అందరు నవ్వుతరు. "రాస్తే చాలదా తాతా" అంటరు. చాలదు. ఒకప్పుడు పెన్ను కోసం మనిషి పట్నంల ఎన్ని గడపలు ఎక్కి దిగిండో, ఎవరెవరితోటి ఏమేం మాటలు పడ్డడో వీళ్ళకు తెల్వదు. చెప్తే వినరు. అందుకే రాస్తున్న.

ఆంధ్ర, తెలంగాణ ఒక్కటయి రెండు మూడేండ్లయి ఉంటది. మాది నల్లగొండ పక్కన, పానగల్లుకు నడిచిపోయేటంత దూరంల ఉన్న ఊరు. ఊర్ల సగం ఇండ్లు మగ్గాల ఇండ్లే. బాపు నేసేటోడు, నేను నేసేటోణ్ణి. మా చిన్నప్పుడు బడిల ఉర్దూ చెప్పేది. ఆ బడికి కూడ నేను నాలుగు నెలలకు మించి పోలే. తెలుగు నాకు నేనే నేర్చుకున్న. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్లే నా పుస్తకాలు. మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని, కుడిపక్క గట్టు మీద కాయితం పరిచి, నడుము అటు తిప్పి దిద్దేటోణ్ణి. పోగు తెగితే అతకాలె, అతికినంక ఒక అక్షరం రాయాలె. ఆ రోజుల్ల మా మగ్గం మీద పోగులు జర ఎక్కువనే తెగేవి. బాపుకు అనుమానం ఉండె.

అట్ల నేర్చుకున్న దస్తూరి ఒకనాడు మా ఊరి లెక్కలు రాసే పట్వారి చూసిండు. "అచ్చుగుద్దినట్టుందిరా" అన్నడు. నేను సంబరపడేలోపలనే, "ఎవరితోటి రాయించినవ్?" అని అడిగిండు. నేనే రాసిన అంటే నమ్మలే. అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. ఉత్తరాలు రాస్తుంటి, పేపరు చదువుతుంటి. అయినా ఊర్ల నన్ను చదువు రానోళ్ళ లెక్కలనే ఉంచిన్రు. బడి చూడనోనికి చదువు ఎట్ల వస్తదని వాళ్ళ వాదం.

గప్పుడే మా నేతగాళ్ళ సహకార సంఘంల రాతగాడి నౌకరి ఒకటి పడ్డది. సంఘం అధ్యక్షుడు మాలోనే ఒక పెద్దాయన. నేతల పండిపోయిన మనిషి గాని అక్షరం ముక్క రాదు. "సర్టిఫికెట్టు ఉన్నా లేకున్నా మంచిదే, సర్కారు ఆఫీసరు ముంగట కూసొని సిరాతోటి రాసి చూపియ్యాలె. దస్తూరి బాగున్నోనికే నౌకరి" అని ఆయన పట్టుబట్టిండు. పోటీకి ఇద్దరమే తేలినం. ఒకడు పట్వారి బామ్మర్ది, నల్లగొండల మెట్రిక్ పాసైనోడు. ఆయనకు సర్టిఫికెట్టు ఉండె, కోటు ఉండె, చేతి గడియారం ఉండె. రెండోణ్ణి నేను. నాకు దస్తూరి ఒక్కటే ఉండె. ఆ నౌకరి నాకు కావాల్నంటే కావాలె. జీతం సంగతి అట్లుంచు, నాకు చదువు వచ్చునని నలుగురు ఒప్పుకోవాలె, దానికి నాకు ఇంకో తొవ్వ లేదు.

నా దగ్గర ఉన్న సిరా పెన్ను నల్లగొండ అంగట్ల కొన్నది. రెండు మాటలు రాసేది, మూడో మాట మీద కక్కేది. దాన్ని పట్టుకొని ఆఫీసరు ముందుకు పోయేటట్టు లేదు. పట్నం పోయి మంచి పెన్ను తెచ్చుకుంట అన్న.

బాపు మగ్గం ఆపిండు. "పెన్ను కోసం పట్నమా? నలభై ఏండ్ల నుంచి నేస్తున్న, పోగు మోసే నాడె కోసం నేను నల్లగొండ దాటలే."

"నాడె వేరు, పెన్ను వేరు బాపు."

"ఏం వేరురా? రెండూ అటు ఇటు ఉరుకుతయి" అన్నడు. అన్నడు గాని తెల్లారి బస్సు దాక వచ్చి సాగనంపిండు.

హైదరాబాదుల దిగి, పెన్నుల పెద్ద దుకాణం ఎక్కడ అంటే ఆబిడ్స్ అన్నరు. పోయిన. అద్దాల దుకాణం, లోపల టై కట్టుకున్న మనిషి. నా వేళ్ళు నీలంగ ఉన్నది చూసి, పొద్దుమాపు సిరాలనే మునిగి ఉండే రాతగాడు అనుకున్నడేమో, కుర్చీ వేసి కూసోమన్నడు. "ఏ పత్రికల రాస్తరు?" అని అడిగిండు. నాకు అబద్ధం ఆడబుద్ధి కాలే. "ఇది నూలుకు రంగేసిన మరకనండి" అన్న. మీరు నమ్మరు, ఆ కుర్చీ మళ్ళ లోపలికి పోయింది.

"ఆ నల్ల పెన్ను జర చూపియ్యుండ్రి" అన్న.

"కనిపిస్తాంది కద. అద్దంలకెల్లి చూడు."

"రాయకుంట ఎట్ల తెలుస్తది?"

"తెలిసినోళ్ళకు చూస్తే తెలుస్తది. తెల్వనోళ్ళకు రాసినా తెల్వది."

అరవై ఏండ్లయింది, ఆ మాటకు నాకు ఇంకా జవాబు దొరకలే. దొరికితే పోయి చెప్పొద్దామంటే ఆ దుకాణం జాగల ఇప్పుడు చెప్పుల దుకాణం ఉన్నది.

అక్కడినుంచి నడుచుకుంట పత్తర్‌గట్టి పోయిన. అక్కడ ఒక పెన్నుల దుకాణం. గల్లా మీద కూసున్న పెద్దమనిషి ఎంత మర్యాదస్థుడంటే, నేను అడగకముందే నాలుగు పెన్నులల్ల సిరా పోసి, కాయితం ముందల పెట్టిండు. నాలుగింటితోటి రాసిన. నాలుగూ కోడి కెలికినట్టు కెలికినయి. ఆయన నా కాయితం తీసుకొని చూసి, నా కంటే ఎక్కువ బాధపడ్డడు. "మా పాళీలన్నీ ఉర్దూ రాతకని వాలుగ కోసినయి. కుడినుంచి ఎడమకు ఉరుకుతయి. నీ అక్షరాలేమో గుండ్రంగ తిరుగుతయి. వీటికీ వాటికీ సంబంధం కుదరది" అన్నడు. పెండ్లి చూపులకు వచ్చినోళ్ళను పంపినట్టు చాయ తాపి మరీ పంపిండు. వెనుక గల్లిల పాళీలు నూరే ముసలాయన ఉన్నడు, ఆయన తాన పో అని తొవ్వ కూడ చూపిచ్చిండు.

ఆ గల్లి దుకాణం తలుపంత వెడల్పు ఉండె. లోపల ముసలాయన, ఒక కంటికి భూతద్దం, ముందల రెండు సాన రాళ్ళు, చుట్టూ నల్ల రబ్బరు పొట్టు. పెన్నును గట్టి రబ్బరు కడ్డీ నుంచి చెక్కేదీ ఆయనే, పాళీ నూరేదీ ఆయనే. తయారున్న పెన్ను అమ్మేది లేదు. మనిషి వచ్చి, రాసి చూపిస్తే, ఆ చేతికి తగ్గట్టు పాళీ నూరి ఇస్తడు.

"నాకు తెలుగు చదవరాదు బేటా. చదివే పని కూడ లేదు. చెయ్యి చూస్తే చాలు. నువ్వు రోజు ఎక్కడ కూసొని రాస్తవ్?"

నేను నోరు తెరిచిన. మగ్గం గుంటల అని చెప్తే అయిపోయేది. కాని పొద్దుగాల నా కిందినుంచి గుంజుకపోయిన కుర్చీ కండ్ల ముందే ఉండె.

"కుర్చీల" అన్న. "మేజ మీద."

"దఫ్తర్ల నౌకరి చేస్తవా?"

"ఆఁ. పెద్ద దఫ్తరు."

ఆయన తన ఎత్తుపీట నా కిందికి జరిపి, ముందల బల్ల పెట్టిండు. నేను ఎన్నడు బల్ల మీద రాసినోణ్ణి కాదు. ఆబిడ్స్ దుకాణంల ఒక టోపీ దొర సంతకం పెడుతుంటే చూసిన, అట్లనే మోచెయ్యి బల్ల మీద ఆనిచ్చి, చిటికెన వేలు జర లేపి, వయ్యారంగ రాసిన. ముసలాయన భూతద్దం నా చేతి మీదికి వంచి శానసేపు చూసిండు.

"ఈ చెయ్యి పరాయిదోలె ఉంది" అన్నడు.

"బస్సుల కూసొని వచ్చిన చాచా. తిమ్మిరెక్కింది."

ఆయన సాన రాయి ముందలికి గుంజుకున్నడు. నూరిండు, నా చేతికిచ్చిండు, మళ్ళ తీసుకొని నూరిండు. చివరికి ఆ పెన్ను కాయితం మీద వెన్నల వేలు పోయినట్టు పోయింది. నేను దాన్ని అంగి జేబుకు తగిలిచ్చుకొని, బస్సుల ఊరుదాక ఛాతీ ముందుకు పెట్టుకొని కూసున్న.

ఇంటికి రాంగనే మగ్గం గుంటల దిగిన. కుడిపక్క గట్టు మీద కాయితం పెట్టి, నడుము తిప్పి, బాపూ చూడు అని పెన్ను ఆనిచ్చిన. గీరింది. ఇంకో అక్షరం రాసిన, సగం పడ్డది, సగం పడలే. ఒత్తితే కాయితం చినిగింది.

బాపు పైనుంచి చూస్తుండె. "పెన్ను కొన్నవా, బర్రెను కొన్నవారా? అక్కడ పాలిచ్చింది, ఇంటికొస్తే తంతాంది."

రాత్రంత ఆ ముసలాయనను తిట్టుకున్న. తెల్లారి బోర్లిచ్చిన గంప మీద కూసొని, పెట్టె మీద కాయితం పెట్టి రాసి చూసిన. పెన్ను బ్రహ్మాండంగ రాసింది. కాని ఆ రాసింది నా దస్తూరి కాదు, ఆ టోపీ దొరది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి, కల్లు తాగి తిరునాళ్ళ నుంచి వచ్చేటోళ్ళ లెక్క ఉన్నయి. తప్పు ఎవరిదో అప్పటికే నాకు తెలిసి ఉండాలె. మనిషికి తన తప్పు తెలిసేటందుకు టైం పడ్తది. నన్ను మోసం చేసిండు అనే అనుకొని, పరీక్ష ఇంక నాలుగు రోజులుందనంగ మళ్ళ బస్సెక్కిన. తొవ్వంత ఉర్దూల కొట్లాట తయారు చేసుకున్న. మా బడి నాలుగు నెలలు అందుకు పనికొచ్చినయి.

దుకాణం ముందల నిలబడి, కట్టిన మాటలన్నీ ఒక్కసారి వదిలిన. ముసలాయన అడ్డం రాలే. అయిపోయినంక చెయ్యి చాపి పెన్ను తీసుకొని, ఒక గీత గీసిండు. ఎత్తుపీట నా వైపు జరిపి, రాయి అన్నడు. రాసిన. మళ్ళ వెన్నే.

"బాగనే రాస్తాంది కద?"

"ఇక్కడ రాస్తది. ఇంటికాడ రాయది."

"ఇంటికాడ ఎందుకు? దఫ్తర్ల రాయి. నీ దఫ్తరు కుర్చీ ఇంత ఎత్తే ఉంటది కద?"

ఆయన భూతద్దం తీసి నా మొఖం దిక్కు చూసిండు. ఇంక దాచే జాగ లేదు.

"చాచా, నాకు దఫ్తరు లేదు. మగ్గం ఉంది."

నవ్వుతడనుకున్న. దవాఖానల డాక్టరు అడిగినట్టు అడిగిండు. "గుంట ఎంత లోతు?"

"మోకాళ్ళ మీదికి వస్తది."

"కాయితం ఏ పక్కకు?"

"కుడికి."

"ముందుగాల చెప్తే నాకు ఒక పాళీ మిగులు, నీకు బస్సు మిగులు" అన్నడు. నన్ను బయటికి తీస్కపోయిండు. దుకాణం ముందల నీళ్ళు పారే మోరీ, దాని పక్కన ఎత్తు బండ అరుగు. నన్ను అరుగు అంచున కూసోబెట్టి, కాళ్ళు మోరీలకు వేలాడెయ్యమన్నడు. కుడిపక్కకు చెక్క పెట్టి, దాని మీద కాయితం పెట్టిండు. తాను గల్లిల మోకాళ్ళ మీద కూసొని, మెడ వంచి, నా చెయ్యి కిందినుంచి చూసుడు మొదలుపెట్టిండు. కొద్దిసేపట్ల జనం పోగైన్రు. జామపండ్ల బండాయన బండి ఆపిండు.

"ఏం చాచా, పిలగాని కాళ్ళు కడుగుతున్నవా?"

"పాళీ నూరుతున్న. నీకు కూడ నూరాల్నా?"

"నాకెందుకు, నేను వేలిముద్రగాణ్ణి. నా వేలు నూరు."

నేను తలెత్తలే. ఎత్తితే చెయ్యి మారుతదని చాచా తలకాయ మీద ఒకటి మొట్టిండు. మూడుసార్లు లోపలికి పోయి నూరుకొచ్చిండు. మూడోసారి పెన్ను ఆనిచ్చిన కాడ, అది నా అక్షరమే. మా ఇంటి గట్టు మీద పుట్టిన అక్షరం, ఆ బండ మీద తడితడిగ మెరుస్తుండె. పండ్ల బండాయన కూడ మెడ వంచి చూసిండు.

పొయ్యేముందు చాచా ఒక్క మాట చెప్పిండు. "ఇది ఇంక కుర్చీ మనిషికి రాయది. యాదిల పెట్టుకో." నేను యాదిల పెట్టుకోలే. మా ఊర్ల కుర్చీలేడివి అనుకున్న.

పరీక్షనాడు సంఘం ఆఫీసు అర్రల రెండు కుర్చీలు, రెండు బల్లలు ఉన్నయి. బడి నుంచి మోయించిన్రు. ఆఫీసరు కోస్తా వైపు మనిషి, తెల్ల ప్యాంటు. బామ్మర్ది అప్పటికే ఒక కుర్చీల కూసొని గడియారానికి తాళం తిప్పుతున్నడు.

"కూర్చోండి" అన్నడు ఆఫీసరు.

కూసున్న. మొదటి అక్షరానికే గీరింది. రెండో దానికి కాయితం లేచింది. ఆఫీసరు చదివేది ఇంకా మొదలుకాలే, చెయ్యి సాగేటందుకు ఊకె రాసుకొమ్మన్న కాయితం అది, నా నసీబు బాగుండి. లేచి నిలబడ్డ.

"సార్, నేను బయట అరుగు మీద కూసొని రాస్త."

"ఎందుకండీ?"

"కాళ్ళు కిందికి ఉండాలె సార్."

"కుర్చీలో కూర్చుంటే పైకి ఉంటాయా?"

బామ్మర్ది కిసుక్కున నవ్విండు. "గుంట తవ్వియ్యమని అడుగుతడేమో సార్, నేతగాడు కద" అన్నడు.

గోడకు ఆనుకొని కూసున్న మా అధ్యక్షుడు ఆ మాట విన్నడు. "సార్, సిరాతోటి రాయాలన్నరు గాని ఎక్కడ కూసోవాల్నో చెప్పలే. కూసోనియ్యుండ్రి" అన్నడు.

ఆఫీసరు గడప మీద నిలబడి చదివిండు, ఒక చెంప లోపలాయన దిక్కు, ఒక చెంప బయటాయన దిక్కు. నూలు కోటా సరిపోతలేదని సర్కారుకు పెట్టుకునే అర్జీ అది. అర్జీల ఉన్న ప్రతి మాట మా ఇంట్ల రోజూ అనుకునేదే. నేను అరుగు అంచున కాళ్ళు వేలాడేసి, నడుము తిప్పి, పోగు తెగే బాధ లేకుంట మొట్టమొదటిసారి ఒక పేజీ నిండుగ రాసిన.

ఆఫీసరు రెండు కాయితాలు పక్కపక్కన పట్టుకున్నడు. బామ్మర్దిది చకచక రాసిన రాత, తప్పులు లేవు, నేను అబద్ధం చెప్పను. కాని ఆయన నా కాయితం మీదనే ఆగిండు. "ఎక్కడ చదువుకున్నారు మీరు?" అన్నడు.

"ఇంటికాడ సార్."

"ఇంట్లో ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే."

అధ్యక్షుడు లేచి వచ్చి కాయితం అందుకున్నడు. చదువు రాదు కద, దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, బట్టను చూసినట్టు చూసిండు. బొటనవేలుతోటి ఒక్కో వరుస తడిమిండు. రెండోదాన్ని కూడ అట్లనే చూసిండు. "గీ బట్టల నడిమిట్ల సందులున్నయి" అని బామ్మర్దిది తిరిగి ఇచ్చిండు. నాది చేతులనే ఉంచుకున్నడు.

"నా అభిప్రాయమూ అదేనండీ" అన్నడు ఆఫీసరు. "కానీ ఒక ఇబ్బంది. సంఘం అన్నాక బల్ల, కుర్చీ ఉంటాయి. ఈయన రోజూ వీధి అరుగు మీద కాళ్ళాడిస్తూ లెక్కలు రాస్తే బాగుంటుందా? వానొస్తే పుస్తకాలేం గాను?"

బామ్మర్ది కోటు గుండీలు పెట్టుకున్నడు. కుర్చీకి తగ్గట్టు ఇంకో పాళీ నూరిచ్చుకుంట సార్ అందామంటే, చెయ్యి కూడ మార్చుకోవాలె కద, అది ఏ గల్లిల నూరుతరు?

"గంతేనా సార్" అన్నడు అధ్యక్షుడు. "ఇంతకుముందు ఈ పిలగాడు మంచి మాటే చెప్పిండు." బామ్మర్ది దిక్కు చూసి తలూపిండు. "గుంట తవ్వుదం."

మా ఊర్ల గుంట తవ్వుడంటే ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఆఫీసరుకు భోజనం పెట్టి చేతులు కడిగిచ్చేలోపల, నలుగురు గడ్డపారలు తెచ్చి సంఘం అర్రల, కిటికీ పక్కన, నా కొలతకు గుంట తవ్విన్రు. ఒకాయన కుడిపక్క గట్టు మెత్తి, ఎర్రమట్టితోటి అలికిండు. ఆఫీసరు మూతి తుడుచుకుంట వచ్చి గుంటలకు తొంగి చూసిండు.

"ఇది రూల్సులో లేదండీ."

"వద్దని ఉన్నదా సార్?" అన్నడు అధ్యక్షుడు.

ఆఫీసరు ఆలోచించిండు. మంచోడే. "వద్దని లేదు" అని సంతకం పెట్టిండు. ఆ పొద్దు నుంచి పట్వారి నన్ను ఎవరితోటి రాయించినవని అడగలే. అడుగుదామన్నా, ఆయన బామ్మర్ది ముంగటనే రాసిన కద.

మర్నాడు బాపు సంఘానికి వచ్చిండు. పుస్తకం దిక్కు చూడలే. గుంటల దిగి, కాలు ఆడిచ్చి చూసి, "రెండు వేళ్ళు లోతెక్కువ తవ్విన్రు" అని గొణిగి పోయిండు. ఊరంత తిరిగి ఆ మాటే చెప్పుకున్నడట, నా కొడుకు నౌకరి గుంట రెండు వేళ్ళు లోతెక్కువ అని.

ఆ గుంటల కూసొని ఏండ్లకేండ్లు రాసిన. కుర్చీ, బల్ల కూడ ఉండేవి, తనిఖీకి వచ్చే ఆఫీసర్ల కోసం. కాని పుస్తకం ఉండేది నా గట్టు మీద. తడి ఆరేదాక నేను కదలనిచ్చేటోణ్ణి కాదు. జిల్లా నుంచి వచ్చినోడైనా, పట్నం నుంచి వచ్చినోడైనా, చూడాలంటే నా పక్కకు వచ్చి నడుము వంచాల్సిందే. వాళ్ళు వంగింది పుస్తకం కోసమే, నాకు తెలుసు. కాని కిటికీ అవతల తొవ్వన పోయేటోళ్ళకు పుస్తకం కనపడేది కాదు.